జేబులో ఆఫీసు

(స్వర్ణోత్సవాల సందర్భంగా హార్స్లీ హిల్స్‌లో జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 వెనక వరసల్లో కూర్చున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పుడే ఫోన్లు చూసుకుంటున్నారు.

ఫోన్లు చూసుకుంటున్నారని తప్పుపట్టడం లేదు. నాకు ఇచ్చిన విషయమే అది. నెల రోజుల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉండావు కదా. ఆఫీసు మెయిలు, క్యాలెండరు ఫోన్లో ఎట్ల వాడుకోవాలో ఒక ఇరవై నిమిషాలు చెప్పు. మనోళ్ళందరూ దాంతోనే తిప్పలు పడతా ఉండారు" అన్నాడు. ఇదేం విషయం, స్వర్ణోత్సవంలో మాట్లాడటానికి అని ముందు నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇంతమంది ముందు నేను చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఇదేననిపించింది. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

పొద్దున మదనపల్లె నుంచి బస్సులో వస్తూ ఒకటి గమనించాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో కాసేపు సిగ్నల్ పోయింది. ఆ కాసేపు బస్సులో ఎంత సందడో! ఎవరికి జుట్టు పోయింది, ఎవరికి పొట్ట వచ్చింది, ఎవరు లెక్కల సారు చేతిలో ఎక్కువ దెబ్బలు తిన్నారు అని ఒకటే నవ్వులు. కొండ మీదికి వచ్చామో లేదో బస్సంతా ఒక్కసారిగా టింగుటింగుమని మోగింది. అందరం తలలు వంచేశాం. ఈరోజు ఆదివారం. నా పక్క సీటు మిత్రుడు బ్యాంకు మేనేజరు. "రేపటి మీటింగు తొమ్మిదిన్నరకి మార్చినారంట" అన్నాడు. అంతే, వాడి ఆదివారం అక్కడితో సరి.

మనం కూర్చున్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 4,000 అడుగులకు పైన ఉంటుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్లీ కింద ఎండలు తట్టుకోలేక ఇక్కడ వేసవి విడిది కట్టించుకున్నాడు. అప్పటినుంచి ఆయన పేరే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆయనకు ఒక కాగితం చేరాలంటే ఎవరో ఒకరు మోసుకుని కొండెక్కాల్సిందే. ఎక్కేవాడికి ఆయాసం వస్తుంది కాబట్టి, పంపేవాడు కూడా ఇది ఇప్పుడే పంపాలా, రేపు పంపితే సరిపోతుందా అని ఒక్కసారి ఆలోచించి ఉంటాడు. ఇప్పుడు పంపేవాడికి ఆయాసం లేదు. అందుకే ఆ ఆలోచనా లేదు.

మన పక్కనే ఉన్న కుప్పం కథ కూడా గుర్తుచేసుకుందాం. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' అనే పథకం మొదలుపెట్టింది. ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచారు. పల్లె ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరాలు, సోలార్ కరెంటుతో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫోటోలు తీసి సంపాదించుకోవడం నేర్పారు. అప్పుడు కంప్యూటర్ అంటే ఒక గది. దానికి ఒక తలుపు. పని ఉంటే లోపలికి పోతాం, అయిపోతే బయటికి వస్తాం. 2004 ప్రాంతంలో మన దేశంలోకి బ్లాక్‌బెర్రీ ఫోన్లు వచ్చాయి. ఆఫీసు మెయిలు జేబులోకి రావడం దాంతో మొదలైంది. మొదట్లో అది పెద్ద సార్లకే. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లు చవక అయ్యాక అందరికీ వచ్చింది. గది పోయింది, తలుపూ పోయింది.

ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. మీ మెయిలు నిజానికి మీ ఫోన్లో ఉండదు. ఆఫీసువాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. మీ ఫోన్లో ఉండేది దానికి నకలు. యాప్ ఎప్పటికప్పుడు సర్వర్‌ను పలకరిస్తుంది. కొత్తది వస్తే దించుకుంటుంది, మీరు ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. క్యాలెండరూ అంతే. బెంగళూరులో కూర్చున్న మీ మేనేజరు మీటింగు పెడితే, బి.కొత్తకోటలో చెనక్కాయలు ఒలుస్తున్న మీ చేతిలో ఫోన్ మోగుతుంది. ఈ పలకరింపు ఒకవైపు నుంచే కాదు, రెండు వైపుల నుంచీ జరుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

2015లో మా అమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు మదనపల్లెలో డయాలసిస్. పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది. నాయన అంతకుముందే పోయాడు. నేను బెంగళూరులో ఉద్యోగం, మా ఆవిడదీ ఉద్యోగమే, పాపకు ఆరేళ్ళు. సెలవు పెడితే ఎన్ని రోజులు పెట్టగలను? అప్పుడు మా పైఅధికారి, "ఊర్లో ఉండి పని చెయ్యి. ఫోన్లో మెయిలు, క్యాలెండరు పెట్టుకో, అందుబాటులో ఉంటే చాలు" అన్నాడు. ఇంటినుంచి పని అనే మాట ఇంకా అందరి నోళ్ళలో పడని రోజులవి. ఆ మనిషికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అయిదు నెలలు ఊర్లో ఉన్నాను. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు, మిద్దె మీదికి పోవాలి. పొద్దున ఆరింటికి మిద్దెక్కి మెయిళ్ళు చూసుకుని, కిందికి దిగి అమ్మకు గంజి ఇచ్చేవాణ్ణి. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని జవాబులు రాసేవాణ్ణి. క్యాలెండర్లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా 'అమ్మ' అని రాసుకుని, దాన్ని 'ప్రైవేట్' అని పెట్టాను. అట్లా పెడితే మన ఆఫీసువాళ్ళకు ఏం పని అన్నది కనబడదు, 'బిజీ' అని మాత్రమే కనబడుతుంది. ఒక్కరు కూడా ఆ వేళకు మీటింగు పెట్టలేదు. నోటితో చెప్పి ఉంటే, "ఒక్క పది నిమిషాలేనప్పా" అని ఎవరో ఒకరు లాగేవాళ్ళే. క్యాలెండర్లో గడి నిండి ఉంటే అందరూ తప్పుకుపోతారు. ఆ యాప్ లేకపోతే మా అమ్మ చివరి అయిదు నెలలు నాకు దక్కేవి కావు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

శని, ఆదివారాల్లో పాప వచ్చేది. ఒక రాత్రి అమ్మ దానికి ఏనుగు మల్లమ్మ కథ చెప్పింది. మీకందరికీ తెలిసిన కథే. కొండ మీద ఒంటరిగా ఉన్న చిన్నబిడ్డను ఏనుగులు సాకడం, ఆమె రోగాలతో వచ్చినవాళ్ళకు నయం చేయడం, చివరికి కనబడకుండా పోయి దేవతగా నిలవడం. కానీ మా అమ్మ చెప్పే కథలో ఏనుగులకు పేర్లుండేవి. అవన్నీ ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న ఆవుల పేర్లు. "ఆ లచ్చిమి ఉండాది చూడూ, అదొక్కటే మల్లమ్మ మాట వినేది కాదంట. నీ మాదిరే" అనేది. పాప పడీపడీ నవ్వింది. నేను పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. మధ్యలో అమ్మ దగ్గు, బయట కుక్క అరుపు, పాప ఆవలింత, అన్నీ ఉన్నాయి అందులో.

ఆ నెలలోనే అమ్మ పోయింది.

మాసికం పెట్టి బెంగళూరుకు తిరిగి వస్తున్నాను. బి.కొత్తకోట నుంచి బస్సులో మదనపల్లె వచ్చి, బస్టాండులో దిగి బెంగళూరు బస్సు కోసం నిలబడ్డాక చూసుకుంటే జేబులో ఫోన్ లేదు. ముందు బస్సులోనే పడిపోయింది. ఆ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. నాకు మొట్టమొదట ఏం గుర్తొచ్చిందో తెలుసా? అమ్మ గొంతు కాదు. క్లయింటు మెయిళ్ళు. ఆ మెయిళ్ళు ఎవరి చేతిలోనన్నా పడితే ఉద్యోగం పోతుందని భయం. పక్కనున్న అంగడాయన ఫోన్ అడుక్కుని ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కు చేశాను. అవతల ఉన్న అబ్బాయి చాలా మర్యాదగా, "సార్, ఫోన్ వైప్ చేసేయమంటారా?" అని అడిగాడు. "చేసెయ్యి, తొందరగా చేసెయ్యి" అన్నాను. వైప్ అంటే ఆఫీసు మెయిళ్ళు తుడిచేయడం అనుకున్నాను.

మరునాడు డిపోకు పోతే ఫోన్ అక్కడుంది. కండక్టరు భద్రంగా అప్పజెప్పి పోయాడు. అలాంటి మనుషులు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. తెర మీద 'స్వాగతం, మీ భాషను ఎంచుకోండి' అని వచ్చింది. అంగట్లో కొన్న రోజు ఎట్లా వచ్చిందో అట్లా. మెయిళ్ళు లేవు, ఫోటోలు లేవు, పదకొండు నిమిషాల కథ లేదు. దానికి నేనెవరో తెలియదు.

ఎవరి తప్పు? హెల్ప్‌డెస్క్ అబ్బాయి తన నియమం ప్రకారం చేశాడు, పైగా నన్ను అడిగే చేశాడు. కంపెనీ తన సమాచారాన్ని కాపాడుకుంది. ఆరు నెలల ముందు ఫోన్లో ఆఫీసు మెయిలు పెట్టుకునే రోజు తెర మీద ఒక కాగితం లాంటిది వచ్చింది. ఈ అకౌంటు కలిపితే ఫోన్ తాళం నియమాలు మేం పెడతాం, అవసరమైతే ఫోన్లోని మొత్తం డేటా చెరిపేస్తాం, ఒప్పుకుంటారా అని అందులో ఉంది. నేను చదవలేదు. కింద ఉన్న బటన్ నొక్కేశాను. పొలం అమ్మేటప్పుడు దస్తావేజు ప్రతి పేజీ చదివించుకుని సంతకం పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ సంతకానికి నాకు నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. ఆ రాత్రి నేను 'చెయ్యి' అన్న మాట సర్వర్‌కు చేరింది. బస్సులో పడి ఉన్న ఫోన్ అలవాటు ప్రకారం సర్వర్‌ను పలకరించింది, సర్వర్ చెప్పింది విని తనను తాను తుడుచుకుంది. పలకరింపు రెండు వైపుల నుంచీ ఉంటుందని చెప్పింది దీనికే.

అందుకని మీకు చెప్పాలనుకున్న మొదటి మాట, ఫోన్ ఎవరిది అని. డబ్బులు పెట్టి కొన్నది మనం. అందులోకి ఆఫీసు వచ్చినప్పుడు ఎంతవరకు వస్తుందో అడిగే హక్కు మనకుంది. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొడవ మాత్రమే కాదు. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లు యాప్‌లో ముఖం చూపించి హాజరు వేయాలన్నప్పుడు, సొంత ఫోన్లలో ఎందుకు వేయాలి, ప్రభుత్వమే పరికరాలు ఇవ్వాలి అని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ యాప్ మంచిదా చెడ్డదా అన్న చర్చ పక్కన పెట్టండి. ఆ ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. నేను 2015లో అడగని ప్రశ్న.

ఇప్పుడు కార్యదర్శి అడిగిన సంగతికి వస్తాను. చేయాల్సినవి నాలుగే.

ఒకటి. ఆఫీసు వేరే ఫోన్ ఇస్తానంటే, రెండు ఫోన్లు మోయడం బరువని వద్దనకండి, తీసుకోండి. ఇవ్వకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్లలో 'వర్క్ ప్రొఫైల్' అని ఒక ఏర్పాటు ఉంది. ఒకే ఇంట్లో రెండు గదులు లాగా. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనబడుతుంది. అట్లా పెట్టుకుంటే, ఆఫీసువాళ్ళు తుడిచినా ఆ గది మాత్రమే తుడుచుకుపోతుంది, మీ ఫోటోల జోలికి రారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ గదిని ఒక్క నొక్కుతో మూసేయవచ్చు కూడా. పోయిన తలుపును మళ్ళీ పెట్టుకోవడమన్న మాట. మీ ఫోన్లో ఏ పద్ధతి ఉందో తెలియకపోతే, రేపు ఆఫీసులో ఆ పని చూసేవాళ్ళను ఒకటే అడగండి: "నా ఫోన్ పోతే మీరు ఏమేం చెరపగలరు?" జవాబు విని, తర్వాత ఒప్పుకోండి.

రెండు. క్యాలెండరు ఆఫీసువాళ్ళు నింపే పుస్తకం అనుకోకండి. అది ఖాళీగా ఉంటే ఎవరైనా నింపుతారు. ముందు మీరే నింపండి. పిల్లల స్కూలు మీటింగు, నాయన కంటి పరీక్ష, పొద్దున నడక, అన్నీ రాసి 'ప్రైవేట్' అని పెట్టండి. అబద్ధం రాయమనడం లేదు. మీ పనికి కూడా ఒక గడి కేటాయించమంటున్నాను.

ఇక్కడే అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ళకు ఒక చిన్న సంగతి. అక్కడ మార్చిలో రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరులో మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో పొద్దున పది గంటల మీటింగు చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నరకు, ఎండాకాలంలో ఏడున్నరకు పడుతుంది. మీటింగు పెట్టినవాళ్ళది అక్కడి గడియారం కాబట్టి క్యాలెండరు ఇక్కడ దానంతటదే మారిపోతుంది. నోట్‌బుక్కులో రాసుకున్నవాళ్ళు ఒక గంట ఆలస్యంగా పోయి మాట పడతారు. అందుకని టైము విషయంలో మాత్రం యాప్‌నే నమ్మండి. అక్కడ అది మనకంటే తెలివైనది.

మూడు. మెయిలు నోటిఫికేషన్ తీసేయండి, క్యాలెండరు అలారం ఉంచండి. మెయిలు అనేది ఉత్తరం. ఉత్తరం మనం వీలు చూసుకుని చదువుతాం. నిజంగా కొంప మునిగే పని అయితే ఫోన్ చేస్తారు. ఆ ఒప్పందం మీతో పనిచేసేవాళ్ళతో ముందే చేసుకోండి. ఈ మాట పైఅధికారులుగా ఉన్న అన్నలకు, అక్కలకు ఇంకొంచెం గట్టిగా చెబుతున్నాను. రాత్రి పదకొండింటికి మీకు ఒక ఆలోచన వస్తుంది, మర్చిపోతామని అప్పుడే మెయిలు కొడతారు. మీకు అది మనసులో బరువు దించుకోవడం. అవతలివాడికి అది నిద్ర పోవడం. యాప్‌లో 'షెడ్యూల్ సెండ్' అని ఉంటుంది, పొద్దున తొమ్మిదికి పోయేట్టు పెట్టండి. ఫ్రాన్స్‌లో పని వేళలు అయ్యాక మెయిళ్ళకు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి 1 నుంచి చట్టంలోనే ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన స్కూల్లో సాయంత్రం పొడుగు గంట కొట్టాక ఏ సారూ పాఠం కొనసాగించలేదు. మీరు ఇప్పుడు ఆ సార్ల స్థానంలో ఉన్నారు.

నాలుగు. ఒక్కచోటే ఉన్న వస్తువు లేనట్టే లెక్క. ఆఫీసు మెయిలుకు నకళ్ళు సర్వర్‌లో ఉంటాయి, ఫోన్ పోయినా ఒక్కటీ పోదు. నా విషయంలోనూ ఒక్క మెయిలు కూడా పోలేదు. కొత్త ఫోన్లో పాస్‌వర్డు కొట్టగానే అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, మూడేళ్ళనాటి క్యాంటీను సర్క్యులర్‌తో సహా. క్యాలెండర్లో సోమ, బుధ, శుక్రవారాల 'అమ్మ' కూడా వచ్చింది. దాన్ని తీసేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మన ఇంటివాళ్ళ గొంతులకు మాత్రం ఏ కంపెనీ సర్వరూ నకలు ఉంచదు. ఆ పని మనదే. రికార్డు చేసిన రోజే ఇంకో ఇద్దరికి పంపండి, చెల్లెలికి, మేనమామకు, ఎవరికైనా. నేను ఆ రాత్రి ఒక్కరికి పంపి ఉంటే చాలు.

మా పాపకు ఇప్పుడు పదహారు దాటింది. రెండేళ్ళ కిందట మేమిద్దరం కూర్చుని అవ్వ చెప్పిన కథను గుర్తున్నంతవరకు కాగితం మీద రాశాం. దానికి నాకంటే బాగా గుర్తుంది. "అవ్వ ఇక్కడ దగ్గింది నాన్నా" అని అది కూడా రాయించింది. కథలో నాలుగు ఏనుగులు. లచ్చిమి, గౌరి, రాములమ్మ. నాలుగోదాని పేరు మా ఇద్దరికీ గుర్తు రాలేదు. మా ఇంట్లో ఉండిన ఏదో ఆవు పేరు. చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

ఈ రాత్రి భోజనాలయ్యాక నేను కింద అతిథిగృహం వరండాలో కూర్చుంటాను. మల్లమ్మ కథ మీ ఇళ్ళల్లో మీ అమ్మో, జేజో వేరేగా చెప్పి ఉంటే రండి, మీ మాటల్లోనే చెప్పండి. రికార్డు చేసి సంఘం దగ్గర ఒకటి, స్కూల్లో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచుదాం. అందుకోసం రెండో ఫోన్ తెచ్చాను. అందులో ఆఫీసు లేదు.